తిరుమలలో అన్నం తిన్నాం, పాట మర్చిపోయాం: తరిగొండ వెంగమాంబ కథ (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం నా తప్పు ఒప్పుకునే ఎపిసోడ్. మొత్తం వినండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందు ఒక ప్రశ్న. తిరుమల వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? దాదాపు అందరూ. దర్శనం అయ్యాక అన్నం ఎక్కడ తిన్నారు? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో. 2011లో మొదలైన ఆ పెద్ద భవనం అందరికీ తెలుసు. సరే, ఇంకో ప్రశ్న. ఆ వెంగమాంబ రాసిన పాట ఒక్కటి చెప్పండి.

సైలెన్స్ కదా. నాదీ అదే పరిస్థితి.

పోయినేడు మా అవ్వని తీసుకుని కొండకి వెళ్ళా. మాది పుంగనూరు పక్కన పల్లె. అన్నప్రసాదం తిని బయటికొచ్చాక అవ్వ ఆ బోర్డు వైపు చూసి, "ఈయమ్మ మన పక్కామె రా. తరిగొండామె. పాటలు కట్టింది. నీకేమన్నా వచ్చునా?" అంది. నేను, "పాటలా? అన్నదానం చేసిందనుకున్నా కదవ్వా" అన్నా. అవ్వ నా మొహం చూసి, "అంత చదువు చదివి ఏం లాభం నాయనా" అని నవ్వేసింది.

నాకు ఎక్కడ తగిలిందంటే, అంతకు కొన్ని నెలల ముందే "గుర్తింపు రాని గొప్ప సింగర్లు" అని ఒక ఎపిసోడ్ చేశా. అందులో ఇంగ్లాండ్ నిక్ డ్రేక్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడా. బతికున్నప్పుడు మూడు ఆల్బమ్‌లు చేసి, ఏదీ పెద్దగా అమ్ముడుపోక, 1974లో చనిపోయిన కుర్రాడు. మంచి టాపిక్కే. కానీ నేను బీటెక్ చదివిన మదనపల్లెకి బస్సులో గంట కూడా పట్టని ఊళ్ళో పుట్టిన సింగర్ సాంగ్‌రైటర్ పేరు నాకు భోజనశాల పేరుగానే తెలుసు. ఆ ఎపిసోడ్‌కి ఇది సప్లిమెంటరీ పరీక్ష అనుకోండి.

అసలు ఎవరీమె?

సింగర్ సాంగ్‌రైటర్ అనే మాటకి మన దగ్గర ఎప్పటినుంచో ఒక మాట ఉంది: వాగ్గేయకారుడు. మాటా తనదే, పాటా తనదే. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య, ఈ లిస్టు స్కూల్లో అందరం బట్టీ కొట్టాం. ఆ లిస్టులో ఆడవాళ్ళ పేరు ఒక్కటైనా చదివిన గుర్తుందా?

తరిగొండ ఇప్పుడు గుర్రంకొండ మండలంలో ఉంది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. వెంగమాంబ 1730లో పుట్టిందని, 1817లో తిరుమలలో తనువు చాలించిందని చెప్తారు. చిన్నప్పుడే పెళ్ళి, చిన్నప్పుడే భర్త పోవడం. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయికి ఊరు ఏం చేసేదో మీకు తెలుసు. జుట్టు తీసేయాలి, బొట్టు తీసేయాలి. ఆమె ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయన ఉండగా నేను ఇవన్నీ ఎందుకు తీయాలి అని నిలబడింది. మదనపల్లెలో ఉన్న గురువు సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర ఉపదేశం పొందిందని ఆమె చరిత్ర చెప్తుంది. తర్వాత ఊళ్ళో వేధింపులు భరించలేక తిరుమల చేరింది. కొన్నేళ్ళు తుంబురు కోనలో ఒంటరిగా ఉందంటారు. ఆమె సమాధి ఇప్పటికీ తిరుమలలోనే ఉంది.

ఈ కథ మీద 2009లో సినిమా కూడా వచ్చింది, మీనా వెంగమాంబగా చేశారు. కాబట్టి ఆమె జీవితం పూర్తిగా తెలియదు అనలేం. తెలియనిది ఆమె పని. ఈ ఎపిసోడ్ దాని గురించి.

ఆమె "ఆల్బమ్‌లు" చూద్దాం

ఈ కాలం భాషలో చెప్పాలంటే ఆమె డిస్కోగ్రఫీ చాలా పెద్దది. తరిగొండలో ఉన్నప్పుడు నృసింహ శతకం, నృసింహ విలాస కథ, శివ నాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృత సారం. తిరుమల చేరాక విష్ణు పారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం, గోపికా నాటకం, రామ పరిణయం, ద్విపద భాగవతం, వాశిష్ఠ రామాయణం, తత్త్వ కీర్తనలు, ఇంకా వేంకటాచల మాహాత్మ్యం. శ్రీనివాసుడికీ పద్మావతికీ జరిగిన పెళ్ళి కథ మన ఇళ్ళలో ఇంతగా తెలియడంలో ఆ చివరి పుస్తకం పాత్ర చాలా ఉంది.

ఈ లిస్టులో నాటకాలు ఎన్ని ఉన్నాయో గమనించారా? ఇవి మనం అనుకునే స్టేజీ డైలాగ్ నాటకాలు కావు, యక్షగానాలు. అంటే పాటలతో నడిచే కథ. పాత్ర లోపలికి వస్తే ఒక దరువు, కోపం వస్తే ఇంకో దరువు. కథ గబగబా ముందుకు పోవాలంటే ద్విపద, మధ్యలో కొంచెం వచనం. ఒక్క యక్షగానంలో బోలెడు పాటలుంటాయి. కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారే, దాదాపు అదే.

సబ్జెక్టులు కూడా చూడండి. చెంచు నాటకంలో దేవుడు అడవి పిల్లని ప్రేమించి పెళ్ళాడతాడు. విష్ణు పారిజాతం అంటే ఒక పువ్వు కోసం ఇద్దరు భార్యల మధ్య గొడవ. వేంకటేశ్వరుణ్ణే భర్త అనుకున్న మనిషి శివుడి మీద కూడా ఒక నాటకం రాసింది. ఊరు భర్త లేని మనిషి అని పక్కన పెడితే, ఆమె కూర్చుని అలకలు, సరసాలు, పెళ్ళిళ్ళ గురించి పాటలు కట్టింది. నాకైతే ఇదే చాలా పెద్ద విషయం అనిపించింది.

ఇక లైవ్ సంగతి

తిరుమలలో రోజూ రాత్రి చివర జరిగేది ఏకాంత సేవ. స్వామిని నిద్రపుచ్చే సేవ. "తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అని ఒక మాట ఉంది. అన్నమయ్య వంశం వాళ్ళు లాలి పాడతారు. తరిగొండ వారి తరఫున ముత్యాల హారతి ఇస్తారు. పళ్ళెంలో ముత్యాలతో రోజుకో రూపం తీర్చి హారతి పడతారు. అంటే 200 ఏళ్ళ కిందట పోయిన మనిషి పేరు మీద ప్రతి రాత్రీ ఒక షో జరుగుతోంది. ఏ బ్యాండుకీ ఇంత లాంగ్ రన్ లేదు. కాకపోతే పేరే ఏకాంత సేవ. లక్షల మంది కొండ మీద ఉన్నా, లోపల చూసేది కొద్దిమంది.

మరి ఆమె యక్షగానాలు? అవి రాత్రంతా ఆడే రకం. ఆ రకం ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన పాత చిత్తూరు జిల్లాలో ఎండాకాలంలో ధర్మరాజు గుళ్ళ దగ్గర మహాభారతం పెడతారు కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజులు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు, సాయంత్రం అగ్నిగుండం. కుప్పం దగ్గర మా మేనత్త వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు చూసేవాణ్ణి. దుప్పటి, చెనక్కాయలు పట్టుకుని ముందే వెళ్ళి జాగా పట్టేవాళ్ళం.

అక్కడ రివ్యూ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పాట బాగుంటే ఎవరో లేచి డబ్బు చదివిస్తారు, మైకులో పేరు చెప్తారు. బాగాలేకపోతే ముసలోళ్ళు అక్కడే, "గొంతు లేదప్పా వీనికి" అని గట్టిగా అనేస్తారు. పాత్రధారికి అంతా వినిపిస్తుంది. రేపు రాత్రికి సరిచేసుకుని వస్తాడు. మా మేనత్త అయితే ద్రౌపది వేషం బాగాలేదని ఒకసారి మధ్యలోనే దుప్పటి మడిచేసింది. అది నిక్కచ్చి అయిన విమర్శ. కానీ ఎవరూ రాసిపెట్టలేదు. పొద్దున్నే దుప్పటితో పాటు అదీ మడిచేసి ఇంటికి తీసుకుపోయారు. ఒక ఆర్ట్ ఫామ్ మొత్తం ఇలాగే బతికితే, దాని గురించి పుస్తకాల్లో ఏం మిగులుతుంది?

సరే, ఎందుకు ఇలా జరిగింది?

సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళు ఉన్నా కదా, ఏదైనా పనిచేయకపోతే కారణం వెతికే అలవాటు పోదు. పక్కన అన్నమయ్యని పెట్టుకుని చూశా. అదే స్వామి, అదే కొండ, అదే ఏకాంత సేవ. ఆయన పాట పెళ్ళి వీడియోల్లో ఉంది, రింగ్‌టోన్‌లో ఉంది. ఈమెది లేదు. తేడా ఎక్కడ? నాకు నాలుగు కారణాలు కనిపించాయి.

ఒకటి, స్టోరేజ్. అన్నమయ్య 1503లో పోయారు. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు ఆ పాటల్ని రాగి రేకుల మీద చెక్కించారు. రెండు వేలకు పైగా రేకులు. నాలుగు వందల ఏళ్ళు గుళ్ళో ఒక చిన్న గదిలో పడున్నా చెడిపోలేదు. వెంగమాంబకి అలా రాగి చెక్కించే కొడుకు లేడు. ఆమెవి తాటాకులు, రాతప్రతులు. చెదలు తినకుండా, ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తేనే మిగులుతాయి.

రెండు, సైజు. అన్నమయ్య కీర్తన అంటే పల్లవి, మూడు చరణాలు. ఐదారు నిమిషాలు. గ్రామఫోన్ రికార్డుకి సరిపోతుంది, క్యాసెట్‌కి సరిపోతుంది, ఇప్పుడు మీ ఫోన్‌కీ సరిపోతుంది. యక్షగానం రాత్రంతా. అందులోంచి ఒక దరువు కోసి బయటికి తీస్తే, ఆ పాత్ర ఎందుకు ఏడుస్తోందో అర్థం కాదు. ఆమె పాటలు బాగాలేక కాదు, రికార్డింగ్ టెక్నాలజీ వాటి సైజులో రాలేదు.

మూడు, సంస్థ, గొంతు. రాగి రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. అంటే మనం ఇప్పుడు వినే అన్నమయ్య ట్యూన్లు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పండితులు రేకులు చదివి అచ్చుకి సిద్ధం చేశారు. మన రాయలసీమ మనిషి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు స్వరాలు కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల వచ్చింది. 1997లో సినిమా. ఒక్కో మెట్టూ ఎవరో కట్టినదే, ఏదీ దానంతటదే రాలేదు. వెంగమాంబకి అచ్చు పుస్తకాలు వచ్చాయి, టీటీడీ ఆమె రచనలు వేసింది. జయంతికి, వర్ధంతికి గోష్ఠిగానం చేస్తారు. కానీ ఇంటింటికీ తీసుకెళ్ళే ఆ ఒక్క పెద్ద గొంతు ఇంకా దొరకలేదు.

ఇక్కడే మదనపల్లె వాళ్ళకి ఒక విషయం. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడారు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. అది మనందరికీ గర్వంగా తెలుసు. ప్రిన్సిపల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ కూర్చుని ఆ ట్యూన్‌ని నొటేషన్‌గా రాసిపెట్టారు. పాడింది ఎంత ముఖ్యమో, ఎవరో కూర్చుని రాసుకోవడం కూడా అంతే ముఖ్యం. దానికి దాదాపు వందేళ్ళ ముందు ఇదే ప్రాంతం మనిషి ఇన్ని పాటలు కట్టి వెళ్ళిపోయింది. పక్కన నొటేషన్ రాసుకునే మనిషి లేడు.

నాలుగు, విమర్శకుల చూపు. ఇది కొంచెం జాగ్రత్తగా చెప్తా. మన సాహిత్య చరిత్రలు సుమారు 1775 నుంచి 1875 దాకా క్షీణయుగం అని పేరు పెట్టాయి. అంటే దిగజారిన కాలం. ఒక ఫోల్డర్‌కి "పనికిరానివి" అని పేరు పెడితే లోపల ఏముందో ఎవరు తెరుస్తారు? ఆమె ముఖ్యమైన రచనలు చాలావరకు ఆ ఫోల్డర్‌లోకే వచ్చాయి. పైగా యక్షగానం, ద్విపద రెండూ పండితులు ఎప్పటినుంచో కొంచెం చిన్నచూపు చూసినవే, మామూలు జనం పాడుకునేవి అని.

ఇంకో సంగతి. తను గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్చుకోలేదని, అంతా స్వామి దయ అని ఆమే రాసుకుంది. జనం దాన్ని అలాగే పట్టుకున్నారు. పోతన కూడా తనచేత పలికించేది రాముడే అన్నారు కదా. కానీ పోతన విషయంలో అది వినయం అనుకుని, ఆయన శబ్దం ఎలా వాడారు, పద్యం ఎలా నడిపారు అని వందల వ్యాసాలు రాశాం. వెంగమాంబ విషయంలో మాత్రం అది మహిమ అని దండం పెట్టి వచ్చేశాం. దండం పెట్టడం తప్పు కాదు, మా అవ్వా పెడుతుంది. కానీ మహిమ అనేశాక, ఈ దరువు ఎలా కట్టింది, ఈ పాత్రకి ఈ మాట ఎందుకు ఇచ్చింది అని అడగడం ఆగిపోతుంది. ఇది నా అభిప్రాయం. తిట్టిన విమర్శ కంటే, అసలు అడగని విమర్శే ఆమెకి ఎక్కువ నష్టం చేసింది.

స్కాట్లాండ్‌లో ఆమె తోటిది

ఇది మన ఒక్కళ్ళ సమస్యే అనుకోవద్దు. సరిగ్గా ఆమె కాలంలోనే స్కాట్లాండ్‌లో కరోలినా ఒలిఫాంట్ అని ఒకామె ఉండేది, లేడీ నైర్న్ అంటారు. 1766లో పుట్టి 1845లో పోయింది. అక్కడి జనం ఇప్పటికీ పాడుకునే పాటలు చాలా రాసింది. కానీ పెద్దింటి ఆడమనిషి పాటలు రాయడం ఏంటి అనుకుంటారని పేరు దాచింది. 1821 నుంచి 1824 దాకా వచ్చిన "ద స్కాటిష్ మిన్‌స్ట్రెల్" సంపుటాల్లో మిసెస్ బోగన్ ఆఫ్ బోగన్ అనే దొంగ పేరుతో పాటలు వేసింది. భర్తకి కూడా చెప్పలేదంటారు. ఆమె పాట ఒకటి చాలాకాలం రాబర్ట్ బర్న్స్ అనే మహాకవి ఖాతాలో పడింది. ఆమె పోయిన మరుసటి ఏడు, 1846లో, సొంత పేరుతో పుస్తకం వచ్చింది. అక్కడ బర్న్స్ నీడ, ఇక్కడ అన్నమయ్య నీడ. వాళ్ళ తప్పేం లేదు, పెద్ద చెట్టు కింద అలాగే ఉంటుంది.

తేడా ఏంటంటే, వెంగమాంబ పేరు దాచలేదు. తన రచనల్లో తరికుండ నృసింహుడు అనే ముద్ర వేసుకుంది. ముద్ర అంటే వాటర్‌మార్క్ అనుకోండి. ఊరి పేరు, దేవుడి పేరు కలిపి, ఇది నాది అని ఎవరూ చెరపలేకుండా పాట లోపలే పెట్టేసింది. తరిగొండ అనే ఊరి పేరు వెనక కూడా ఒక కథ చెప్తారు. మజ్జిగ చిలికే తరికుండలో స్వామి దొరికాడని.

ఇప్పుడు నా తప్పు

కొండ నుంచి వచ్చాక అవ్వని అడిగా, "నీకు ఆమె పాట వస్తుందా అవ్వా?" అని. అవ్వ కాసేపు ఆలోచించి ఒక మంగళహారతి పాడింది. గొంతు వణుకుతోంది, కానీ తాళం తప్పలేదు. ఫోన్‌లో రికార్డు చేశా. అదే రాత్రి ఎడిటింగ్‌లో కూర్చుని, "200 ఏళ్ళ వెంగమాంబ పాట దొరికింది!" అని టైటిల్ కూడా పెట్టేశా. ఎన్ని వ్యూస్ వస్తాయో లెక్కేసుకున్నా.

పొద్దున్నే మళ్ళీ విన్నా. పాటలో తరికుండ ముద్ర లేదు. అవ్వని అడిగితే, "మా అమ్మ పాడేది నాయనా, ఎవరు కట్టిందో నాకేం తెలుసు? హారతి కాబట్టి ఆయమ్మదే అనుకున్నా" అంది. పుస్తకంలో వెతికా, ఆ పాట కనబడలేదు. ఆమెది అవ్వచ్చు, కాకపోవచ్చు. ఆ వీడియో అప్‌లోడ్ చేసుంటే ఏమయ్యేది? రేపు ఇంకొకరు దాన్నే ఆధారం అని చూపించేవాళ్ళు. లేడీ నైర్న్ పాట బర్న్స్ ఖాతాలో పడ్డట్టు, ఎవరో పేరు తెలియని తల్లి కట్టిన పాట వెంగమాంబ ఖాతాలో పడేది. ఒకామెకి న్యాయం చేస్తున్నా అనుకుని ఇంకొకామెకి అన్యాయం. టైటిల్ తీసేశా. ఆ రికార్డింగ్ నా దగ్గరే ఉంది. ఫైల్ పేరు ఏం పెట్టానో తెలుసా? "అవ్వ పాడిన హారతి, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది, కట్టింది ఎవరో తెలియదు."

కాబట్టి మీకు మూడు చిన్న పనులు. ఒకటి, ఈసారి తిరుమలలో అన్నం తిన్నాక పక్కనున్న వాళ్ళకి ఒక్క మాట చెప్పండి, ఈమె పాటలు కట్టింది అని. రెండు, ఆమె పుస్తకం ఏదైనా ఒకటి తెరిచి ఒక్క దరువు చదవండి. అర్థం కాకపోతే పైకి చదవండి, అది నోటితో చదివే రచన. మూడు, ఇంట్లో పాడే పెద్దవాళ్ళు ఉంటే రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ తేదీ, ఈ నాలుగూ రాయండి. తెలియనిది తెలియదు అనే రాయండి.

ఇంక సంగీతం నేర్చుకున్న వాళ్ళు ఎవరైనా వింటుంటే, ఆమె దరువుకి ఒక్కదానికి స్వరం కట్టి చూడండి. అన్నమయ్యకి కూడా మొదట ఎవరో ఒకరు అలాగే కూర్చున్నారు.

అవ్వ ఈ ఎపిసోడ్ మొత్తం చూసింది. అంతా అయ్యాక ఒకటే అంది, "ఇంతసేపు మాట్లాడినావు కదరా, మరి పాట ఏదీ?" నిజమే. అది నేర్చుకుని వస్తా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.